రెండంగుళాల ఎత్తు

పాత మారుతి జిప్సీ సస్పెన్షన్‌ను రెండంగుళాలు లేపితే, బండి కింద నేలకు అన్నిటికన్నా దగ్గరగా ఉండే భాగం ఎంత పైకి పోతుంది? ఒక్క మిల్లీమీటరు కూడా పోదు.

హైదరాబాదులోని నాచారం పారిశ్రామికవాడలో లేత్ షెడ్ల ముందు ఆగిన ఏ పాత జీపు పక్కనైనా గొంతుక్కూర్చుని కిందికి తొంగి చూస్తే ఈ మాట అర్థమవుతుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి ముందు చక్రాలు దేనికది విడిగా ఊగుతాయి. జిప్సీలోనూ, పాత మహీంద్రా జీపులోనూ అలా కాదు. ఎడమ చక్రం నుంచి కుడి చక్రం దాకా ఒకటే గట్టి ఇరుసు. దాని ఒంట్లో ఒకచోట ఉబ్బెత్తుగా, రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ ఉంటుంది. దారిలో రాయి మొదట తగిలేది ఆ ఉబ్బుకే. ఇరుసును మోసేది చక్రాలు. కమాన్ కట్టలు, అంటే స్టీలు పట్టీల స్ప్రింగులు, ఉండేది ఇరుసుకూ ఛాసిస్‌కూ నడుమ. కాబట్టి కమాన్లను ఎంత మార్చినా పైకి లేచేది ఛాసిస్, దానిమీది బాడీ, ఇంజను మాత్రమే. ఇరుసు ఎత్తును నిర్ణయించేది టైరు వ్యాసార్థం ఒక్కటే.

మరి ఇంత శ్రమ ఎందుకు? ఒక కారణం బండి పొట్ట. జిప్సీకి ముందు ఇరుసు నుంచి వెనుక ఇరుసుకు దూరం 2375 మిల్లీమీటర్లు. ఒక మిట్టను దాటేటప్పుడు ముందు చక్రాలు అవతలికి దిగి, వెనుక చక్రాలు ఇవతలే ఉంటే, మిట్ట శిఖరం పొట్టకు తగులుతుందా లేదా అన్నది ఆ దూరం మీదా, నడుమ ఎత్తు మీదా ఆధారపడుతుంది. నడుమ ఎత్తు 30 సెంటీమీటర్లు అనుకుంటే బండి సుమారు 28 డిగ్రీల మిట్టను దాటగలదు. అది 35 సెంటీమీటర్లయితే 33 డిగ్రీలకు చేరుతుంది. బీబీనగర్, భువనగిరి వైపు మొరం గుట్టల మీద తిరిగేవారికి ఈ అయిదు డిగ్రీలు నిజంగా పనికొస్తాయి.

రెండో కారణం టైరు. జిప్సీలకు తరచు వేసే 205/70 ఆర్15 టైరు వ్యాసం 668 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 టైరుది 733. ఇరుసు పైకి వచ్చేది అందులో సగం, అంటే మూడు సెంటీమీటర్ల చిల్లర. డిఫరెన్షియల్ కింద నిజంగా దొరికే ఖాళీ ఇదొక్కటే. ఈ పెద్ద టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా తిరగాలంటే బాడీ పైకి పోవాలి. అందుకే కమాన్ పని. టైరు మారితే వేగం ముల్లు తక్కువ చూపిస్తుంది. ముల్లు 60 దగ్గర ఉన్నప్పుడు బండి దాదాపు 66 మీద పోతుంటుంది. రోడ్డును వెనక్కు నెట్టే బలం 9 శాతం తగ్గుతుంది. ఇంజను చిన్నదైన పాత బండికి ఎత్తు ఎక్కేటప్పుడు ఆ తగ్గుదల బాగా తెలుస్తుంది.

మూడో కారణాన్ని చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో అసలైనది అదే. చక్రం పైకీ కిందికీ ఎంత దూరం కదలగలదు? ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగుతున్నప్పుడు, కింద వరంగల్ రోడ్డు మీద వానాకాలంలో బండి నడిపినవారికి గుంత అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. గుంతలో చక్రం కిందికి దిగి నేలను అందుకోవాలి. అందుకోలేకపోతే ఆ చక్రం గాలిలో తిరుగుతుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో ఒక చక్రం గాలిలో ఉంటే, అదే ఇరుసు మీద నేలను పట్టుకున్న రెండో చక్రానికి కూడా బలం అందదు. బండి ఎత్తుగా ఉన్నా అక్కడే నిలిచిపోతుంది.

ఈ కదలిక లెక్క చూడాలంటే కమాను ఎలా పనిచేస్తుందో చూడాలి.

1804లో ఇంగ్లండులో ఒబదయా ఎలియట్ గుర్రపు బండ్లకు స్టీలు పట్టీల కమాన్లు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. అంతకు ముందూ కమాన్లు ఉన్నాయి. కానీ ఇరుసుకూ బాడీకీ నడుమ నేరుగా కమాన్లు పెట్టి, కింద ఉండే బరువైన దూలాన్ని తీసేయవచ్చని చూపింది ఆ పద్ధతి. జిప్సీ కింద ఉన్నది అదే కుటుంబానికి చెందినది. 1985 డిసెంబరులో మారుతి దాన్ని విడుదల చేసినప్పుడు నాలుగు మూలలా కమాన్ కట్టలే. 2019 దాకా, అంటే మామూలు కొనుగోలుదారులకు దాని అమ్మకం ఆగేదాకా అవే. సైన్యం, పోలీసులు దశాబ్దాల పాటు నమ్ముకున్న బండి అది. ఇవాళ ఇళ్ల ముందు ఉన్న జిప్సీలలో సైన్యం వాడి వేలం వేసినవీ ఉన్నాయి.

కట్టలో పొడవాటి పట్టీ పైన ఉంటుంది, దాని రెండు చివరలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. కింద ఒకదాన్నిమించి ఒకటి పొట్టి పట్టీలు. బరువు పడితే కట్టంతా వంగుతుంది. పుస్తకాన్ని వంచితే పేజీలు ఒకదానిమీద ఒకటి జారినట్లు పట్టీలు జారుతాయి. తుప్పు పట్టిన కట్టలో ఈ జారుడు బిగుసుకుపోయి, చిన్న గతుకులకు కమాను అసలు కదలదు. పాత బండి కుదుపులో పెద్ద భాగం ఈ తుప్పే. పట్టీలు విప్పి, తుడిచి, గ్రాఫైటు గ్రీజు రాసి మళ్లీ కట్టినంత మాత్రాన బండి మెత్తబడుతుంది. ఎత్తు గురించి ఆలోచించే ముందు చేయవలసిన పని ఇది.

బరువుకు తగినంత వంపు అన్న నియమాన్ని కనిపెట్టింది రాబర్ట్ హుక్. 1676లో అచ్చయిన తన చిన్న పుస్తకంలో ఆయన దాన్ని అక్షరాలు తారుమారు చేసి చిక్కుముడిగా ఇచ్చాడు. రెండేళ్ల తరువాత దాన్ని తానే విప్పాడు. బరువు రెట్టింపు చేస్తే వంపు రెట్టింపు అవుతుంది. ఎంత బరువుకు ఎంత వంగుతుందో ఆ నిష్పత్తిని బిరుసుదనం అందాం.

ఈ నియమం మీద ఆధారపడి బతికే పరికరాలు నాచారానికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. హబ్సిగూడ దగ్గర ఉప్పల్ రోడ్డు మీద, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు భూమి ఆకర్షణలో చోటునుంచి చోటుకు వచ్చే తేడాలను కొలుస్తారు. వారు వాడే గ్రావిమీటరు లోపల ఉండేది, సారాంశంలో, స్ప్రింగుకు వేలాడే చిన్న బరువు. భూమి కొంచెం గట్టిగా లాగితే స్ప్రింగు కొంచెం ఎక్కువ సాగుతుంది. గురుత్వ త్వరణంలో పదిలక్షల్లో వంతు మార్పునైనా అది పట్టేస్తుంది. హైదరాబాదులో ఆ త్వరణం సెకను వర్గానికి సుమారు 9.78 మీటర్లు. జిప్సీ కమాను కూడా ఒక మోటు గ్రావిమీటరే. దాని లెక్కలన్నిటిలోనూ ఈ 9.78 వస్తుంది.

ముందుగా ఊపు లెక్క. బండి బరువుకు కమాను ఎంత వంగిందో తెలిస్తే, బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేయవచ్చు. 9.78ని మీటర్లలో ఆ వంపుతో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే చాలు. బండి బరువు గానీ, కమాను బిరుసుదనం గానీ విడిగా తెలియక్కర్లేదు. వంపు 10 సెంటీమీటర్లయితే సెకనుకు 1.57 ఊపులు. 5 సెంటీమీటర్లయితే 2.2. మామూలు కార్లు ఒకటి, ఒకటిన్నర మధ్య ఊగేలా తయారవుతాయి. రెండు దాటితే ప్రయాణం ఒళ్లు హూనం చేస్తుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. కట్టలో 6 మిల్లీమీటర్ల మందమున్న అయిదు పట్టీలు ఉన్నాయనుకోండి. బండి బరువుకు కట్ట 10 సెంటీమీటర్లు వంగింది. ఎత్తు పెంచడానికి చాలామంది చేసే పని ఇంకో పట్టీ కలపడం. లారీ కమాన్ల దుకాణంలో దొరికిన 8 మిల్లీమీటర్ల పట్టీని కలిపారు. పట్టీ బిరుసుదనం దాని మందపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఎనిమిది ఘనం 512, ఆరు ఘనం 216. అంటే కొత్తగా వచ్చింది ఒక పట్టీ అయినా అది పాతవి రెండుంపావుకు పైగా లెక్క. కట్ట బిరుసుదనం 47 శాతం పెరిగింది. బండి అదే, బరువు అదే. కాబట్టి ఇప్పుడు కట్ట వంగేది 6.8 సెంటీమీటర్లే. మిగిలిన 3.2 సెంటీమీటర్ల మేర ఛాసిస్ పైకి లేచింది. కలిపిన పట్టీ పూర్తి పొడవుది కాకపోతే అంకెలు కొంత మారుతాయి గాని, దిశ మారదు.

చూడటానికి పని అయినట్టే ఉంది. కానీ ఆ 3.2 సెంటీమీటర్లు ఎక్కడినుంచి వచ్చాయో చూడండి. మునుపు గుంత వస్తే, కమాను పూర్తిగా విప్పుకునేలోగా చక్రం 10 సెంటీమీటర్లు కిందికి దిగగలిగేది. ఇప్పుడు 6.8 మాత్రమే. చక్రం కిందికి దిగగల దూరాన్ని తీసుకుని బండికి ఎత్తుగా ఇచ్చాం. సెకనుకు ఊపులు 1.57 నుంచి 1.9కి పెరిగాయి. అడ్డదిడ్డమైన నేల మీద ఒక చక్రం గాలిలోకి లేచే అవకాశం పెరిగింది. రాళ్ల దారి కోసమని చేసిన మార్పు రాళ్ల దారిలోనే బండిని బలహీనపరుస్తుంది. పట్టీ మీద పట్టీ కలిపి గర్వంగా నిలబెట్టిన బండ్లు నిజమైన గుట్టదారిలో, కంపెనీ కమాన్లతో ఉన్న బండికన్నా ముందే నిలిచిపోవడానికి కారణం ఇదే.

బిరుసుదనం పెంచకుండా ఎత్తు పెంచే దారి ఒకటుంది. పట్టీలు అవే ఉంచి, వాటి వంకను పెంచడం. అప్పుడు బరువుకు 10 సెంటీమీటర్లే వంగుతుంది. కాకపోతే ఆ వంపు ఇంకా ఎత్తయిన చోటినుంచి మొదలవుతుంది. చక్రం దిగే దూరం పోదు.

పాత బండి విషయంలో ఇక్కడ ఇంకో మాట ఉంది. ఇరవై ముప్పై ఏళ్లు బరువు మోసిన స్టీలు నెమ్మదిగా తన వంకను కోల్పోతుంది. కమాన్లు కూర్చున్నాయి అంటారు మెకానిక్కులు. ఒక్కోసారి ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కూర్చుంటాయి. అందుకని మొదట చేయవలసింది కొలత. సమతలమైన గచ్చు మీద, ఖాళీ బండితో, చక్రం మధ్యబిందువు నుంచి నిటారుగా మడ్‌గార్డు అంచు దాకా నాలుగు చోట్లా కొలిచి రాసుకోవాలి. ఇలా కొలిస్తే టైరులో గాలి ఎక్కువైనా తక్కువైనా లెక్క చెడదు. ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థలో నేర్పే మొదటి పాఠం వంటిదే ఇది కూడా: దేని నుంచి కొలుస్తున్నామో ముందు ఖాయం చేసుకోవాలి. కమాన్లు విప్పినప్పుడు రెండు చివరి చుట్లకూ దారం కట్టి, దారం నుంచి పట్టీ మధ్యకు ఎంత లోతుందో చూసి, కొత్త కట్టతో పోల్చాలి. లేపాలనుకున్న రెండంగుళాలలో మంచి భాగం బండి ఒకప్పుడు తనకున్న ఎత్తే అని ఇక్కడ తేలడం మామూలు.

వంకను తిరిగి తేవడం స్టీలు పని. కమాను పట్టీలకు వాడేది సిలికాన్, మాంగనీసు కలిసిన స్టీలు, లేదా క్రోమియం కలిసినది. కొలిమిలో దాన్ని 850 నుంచి 900 డిగ్రీల దాకా కాచి, వంక తిప్పి, నూనెలో ముంచి చల్లార్చాలి. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ 450, 500 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంచితే పెళుసుదనం పోయి, వంగి తిరిగి లేచే గుణం మిగులుతుంది. ఈ రెండో కాపు వదిలేస్తే పట్టీ ఏదో ఒక గుంతలో పటుక్కున విరుగుతుంది. నూనెలో ముంచడం వదిలేస్తే మెత్తబడి, కొన్నాళ్లకు మళ్లీ కూర్చుంటుంది. కొలిమి లేకుండా చల్లగానే సుత్తి దెబ్బలతో వంక తిప్పేవారూ ఉన్నారు. కొద్దిపాటి సవరణకు అది చెల్లుతుంది, రెండంగుళాలకు చెల్లదు. వనస్థలిపురం ఆటోనగర్ లాంటి చోట లారీ కమాన్లు చేసే పనివాడికి పట్టీలు ఇచ్చేటప్పుడు, రెండో కాపు ఇస్తారా అని అడగండి. ఆ పని తెలిసినవాడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. ఇంట్లో మాత్రం ఈ భాగం చేయకూడదు.

ఇక షాకిల్. కమాను ఒక చివర ఛాసిస్‌కు నేరుగా పిన్నుతో ఉంటుంది. రెండో చివర ఊగే చిన్న లింకుకు ఉంటుంది, దాన్ని షాకిల్ అంటారు. కమాను వంగినప్పుడు పొడవు మారుతుంది కాబట్టి ఈ లింకు అవసరం. దాన్ని పొడవైనదిగా మారిస్తే ఎత్తు వస్తుంది. చవక, గంటల్లో అయిపోతుంది. కానీ లేచేది ఒక చివరే కాబట్టి, నడుమ ఉన్న ఇరుసు దగ్గర దొరికేది సగమే. షాకిల్ 5 సెంటీమీటర్లు పెంచితే బండి లేచేది రెండున్నర. పైగా కమాను ఒక పక్కకు వాలుతుంది, దానితో ఇరుసు కూడా తిరుగుతుంది. చుట్టునుంచి చుట్టుకు 90 సెంటీమీటర్లున్న కమానుకు ఆ తిరుగుడు మూడు డిగ్రీల పైచిలుకు.

మూడు డిగ్రీలు చిన్నవి కావు. ముందు చక్రాలు తిరిగే అక్షం నిటారుగా ఉండదు, పైభాగం కొద్దిగా వెనక్కు వాలి ఉంటుంది. ఆ వాలు వల్లే మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను నేరుగా వస్తుంది. పాత జీపుల పద్ధతిలో షాకిల్ ముందు చివరన ఉంటే, దాన్ని పొడిగించినప్పుడు ఇరుసు పైభాగం ముందుకు తిరిగి ఆ వాలు తగ్గిపోతుంది. వరంగల్ హైవే మీద 70 వేగం దాటాక బండి ఎటుపడితే అటు తేలిపోతున్నట్టుంటే, మొదట చూడవలసింది ఇదే. దిద్దుబాటు కోసం ఇరుసుకూ కమానుకూ నడుమ ఒక పక్క మందం, ఒక పక్క పలచనగా ఉండే స్టీలు చీలిక పెడతారు. నాచారంలో ఏ లేత్ మీదైనా చేయించవచ్చు. కోణం కొలిచి చెప్పాలి గాని, అందాజుగా కాదు.

ఛాసిస్ లేచినప్పుడు స్టీరింగు బాక్సూ దానితోపాటు లేస్తుంది, ఇరుసు కిందే ఉంటుంది. రెంటినీ కలిపే కడ్డీ అంతకు ముందు దాదాపు అడ్డంగా ఉండేది, ఇప్పుడు ఏటవాలుగా అవుతుంది. 75 సెంటీమీటర్ల కడ్డీకి 10 సెంటీమీటర్ల ఏటవాలు వస్తే, గుంతలో చక్రం 3 సెంటీమీటర్లు కదిలినప్పుడు కడ్డీ చివర 4 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. స్టీరింగు పట్టుకున్న చేయి కదలకపోయినా చక్రం ఒకటిన్నర డిగ్రీ తిరుగుతుంది. రెండంగుళాల దాకా దీన్ని భరించవచ్చు. ఆపైన కడ్డీ అమరికే మార్చాలి.

ఇంజను బలాన్ని ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర మళ్లీ హుక్ ఎదురవుతాడు. షాఫ్టు రెండు చివరలా ఉండే క్రాస్ జాయింటును ఆయన 1676లో, స్ప్రింగు నియమం చిక్కుముడిగా ఉన్న ఆ పుస్తకంలోనే వివరించాడు. కోణంలో ఉన్న రెండు కడ్డీలను కలిపి తిప్పే ఈ జాయింటుకు ఒక లోపం ఉంది. ఒక పక్క ఒకే వేగంతో తిరిగినా, రెండో పక్క ప్రతి చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు నెమ్మదిస్తుంది. కోణం 5 డిగ్రీలయితే ఈ తేడా అరశాతం లోపు, లెక్కలోకి రాదు. 15 డిగ్రీలయితే అటూ ఇటూ మూడున్నర శాతం. అందుకే షాఫ్టుకు రెండు జాయింట్లు పెడతారు. రెండు చోట్లా కోణాలు సమానంగా ఉంటే మొదటిది చేసిన తప్పును రెండోది సరిచేస్తుంది. కమాన్లు నిటారుగా లేస్తే రెండు కోణాలూ సమానంగానే పెరుగుతాయి. వెనుక షాకిల్ పొడిగిస్తే ఇరుసు తిరిగి, డిఫరెన్షియల్ మూతి పైకి చూస్తుంది. ఒక కోణం తగ్గుతుంది, ఇంకొకటి పెరుగుతుంది, సరిచేయడం కుదరదు. బండి ఒకానొక వేగంలో కింద గుర్రుమని అదురుతుంది. క్రాస్ మార్చినా, గేర్‌బాక్స్ విప్పినా ఆ అదురు పోదు, ఎందుకంటే అరిగింది ఏదీ లేదు.

ఇరుసును కమాను పైనుంచి కిందికి మార్చే పద్ధతి కూడా ఉంది. జిప్సీలో కంపెనీ అమరిక ప్రకారం కమాను ఇరుసు కింద ఉంటుంది. దాన్ని ఇరుసు మీదికి తెస్తే ఒక్కసారిగా నాలుగైదు అంగుళాలు లేస్తుంది. ఇరుసుకు కొత్త పీటలు వెల్డింగు చేయాలి, స్టీరింగు, బ్రేకు గొట్టాలు, షాఫ్టు అన్నీ మార్చాలి. అది ఇంటి పని కాదు.

గరిమనాభి విషయం తేలిగ్గా వదిలేయలేం. జిప్సీ చక్రాల మధ్య అడ్డం దూరం సుమారు 1.3 మీటర్లు. గరిమనాభి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, సగం వెడల్పును ఎత్తుతో భాగించినప్పుడు 1 వస్తుంది. మామూలు కార్లకు ఇది 1.3కు పైనే ఉంటుంది. నాలుగంగుళాలు లేపితే, ఇరుసులూ చక్రాలూ కిందే ఉంటాయి కాబట్టి గరిమనాభి మూడంగుళాలు లేస్తుంది. భాగహారం 0.9కి దిగుతుంది. లెక్క ప్రకారం 25 మీటర్ల వ్యాసార్థమున్న మలుపులో చక్రాలు లేచే వేగం 56 కిలోమీటర్ల నుంచి 53కి తగ్గింది. బాడీ ఒరగడం, టైరు వంగడం కలిస్తే నిజమైన అంకెలు ఇంకా తక్కువ. జిప్సీకి అన్నదమ్ముడైన సుజుకి సమురాయ్‌ను 1988లో అమెరికాలోని కన్స్యూమర్స్ యూనియన్ పరీక్షించి, బోల్తాపడే గుణం వల్ల అంగీకరించదగిన బండి కాదని ప్రకటించింది. సుజుకి ఆ పరీక్షను తప్పుపట్టి 1996లో దావా వేసింది, 2004లో రాజీ కుదిరింది. ఆ పరీక్ష న్యాయాన్యాయాల సంగతి ఎలా ఉన్నా, వాదమంతా కంపెనీ ఎత్తులో ఉన్న బండి గురించి జరిగింది. దాన్ని ఇంకా లేపుతున్నామన్న స్పృహ మనకు ఉండాలి. వానలో నీళ్లు దాటడానికని లేపేవారు ఇంకో లెక్క కూడా చూడాలి. టన్ను బరువు, నాలుగు చదరపు మీటర్ల నేల ఉన్న బండి, తన నేలకు పైన పావు మీటరు నీళ్లు చేరితే తేలడం మొదలుపెడుతుంది. పారే నీటిలో తేలిన బండికి స్టీరింగు ఉండదు.

ఇంట్లో చేయగలిగింది, తయారైన కమాన్లను విప్పి బిగించడం. ఉప్పల్ వైపు చాలా ఇళ్లలో పార్కింగు స్థలం గేటు వైపు వాలుగా ఉంటుంది. అక్కడ వద్దు. సమతలమైన కాంక్రీటు కావాలి. టైల్స్ ఉంటే స్టాండు కింద మందపాటి చెక్క వేయాలి. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. లేపిన వెంటనే ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లు పెట్టాలి. సిమెంటు ఇటుకలు పనికిరావు. అవి అంతటా సమంగా పడే బరువును మోస్తాయి గాని, ఒక అంచున పడిన బరువుకు ముందస్తు హెచ్చరిక లేకుండా పగులుతాయి. బండి కిందికి దూరే ముందు చేత్తో గట్టిగా అటూ ఇటూ ఊపి చూడాలి. ఊగితే మళ్లీ దింపి సరిచేయాలి.

వంగిన కమానులో శక్తి దాగి ఉంటుంది. 250 కిలోలు మోస్తూ 10 సెంటీమీటర్లు వంగిన కమానులో ఉన్నది సుమారు 122 జౌళ్లు. పాతిక కిలోల బరువు అరమీటరు ఎత్తునుంచి పడితే వచ్చేంత. అందుకే స్టాండ్లు పెట్టాల్సింది ఛాసిస్ కింద. ఇరుసు కింద జాకీ పెట్టి, నెమ్మదిగా దింపి, కమానును పూర్తిగా విప్పుకోనిచ్చాకే, ఇరుసును కమానుకు బిగించే యూబోల్టుల నట్లు ముట్టుకోవాలి. పట్టీలు విడదీసేటప్పుడు నడిమి బోల్టు తీసే ముందు కట్టను క్లాంపుతో పట్టి ఉంచాలి.

యూబోల్టులు కొత్తవి కొనాలి. ఇరుసును కమానుకు పట్టి ఉంచేది నడిమి బోల్టు కాదు, యూబోల్టు బిగింపు వల్ల పుట్టే ఘర్షణ. బిగించినప్పుడు యూబోల్టు కొద్దిగా సాగి, ఆ సాగుడు వల్లే పట్టు నిలుస్తుంది. ఒకసారి హద్దు దాకా సాగిన పాత బోల్టు రెండోసారి అంత పట్టు ఇవ్వదు. పట్టు జారితే బ్రేకు బరువంతా వేలెడు నడిమి బోల్టు మీద పడి, అది తెగుతుంది.

బుష్‌ల దగ్గర చాలామంది పొరబడతారు. కమాను చివర రబ్బరు బుష్ ఉంటే, బోల్టు బిగించాక రబ్బరు జారదు, మెలిపడుతుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టులు బిగిస్తే, ఆ స్థితే దానికి విశ్రాంతి స్థితి అవుతుంది. బండి దింపగానే రబ్బరు మెలిపడి, ఎప్పటికీ అలాగే ఉంటుంది. కొన్ని నెలల్లో చిరుగుతుంది. అంతదాకా బండిని అసలు ఎత్తుకన్నా పైన నిలబెట్టి తప్పుడు కొలత చూపిస్తుంది. కాబట్టి ముందు బోల్టులు వదులుగా తొడిగి, బండిని నాలుగు చక్రాల మీదికి దింపి, రెండుమూడుసార్లు ఊపి, అప్పుడు బిగించాలి.

షాక్ అబ్జార్బరు పొడవు చూడాలి. పొట్టిది ఉంచేస్తే, గుంతలో దిగే చక్రాన్ని ఆపేది అదే అవుతుంది, దాని మొన విరుగుతుంది. బ్రేకు రబ్బరు గొట్టాన్ని చక్రం పూర్తిగా వేలాడుతున్నప్పుడు, స్టీరింగు రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడాలి. ఎక్కడా బిగుసుకోకూడదు. ఈ ఒక్క పరీక్ష తప్పిపోతే మిగతా పనంతా ఎంత బాగా చేసినా ప్రాణం మీదికి వస్తుంది.

చట్టం కూడా ఈ సస్పెన్షన్‌లో ఒక భాగమే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో మారిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకు, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉండవచ్చు. పదిహేనేళ్లు దాటిన సొంత బండిని అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు తీసుకుపోవాలి. అప్పుడు అధికారి బండిని చూస్తాడు. ప్రమాదం జరిగితే బీమా సంస్థా అడుగుతుంది. కూర్చున్న కమాన్లను కంపెనీ వంకకు తేవడం మరమ్మత్తు. దానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు. అంతకుమించి లేపిన బండిని నేను ప్రజల రోడ్ల మీద నడపమని చెప్పను. సొంత స్థలాల్లో, ఆఫ్‌రోడ్ పోటీ మైదానాల్లో దానికి చోటు ఉంది, అక్కడికి ట్రక్కు మీద తీసుకుపోవచ్చు.

రోజూ ఉప్పల్ రింగురోడ్డు మీదుగా పనికి పోయి, సెలవురోజు మొరం దారి ఎక్కే పాత జిప్సీకి సరిపోయేది ఇది: సరైన కాపుతో కంపెనీ వంకకు తెచ్చిన పట్టీలు, వాటి మధ్య గ్రీజు, కొత్త బుష్‌లు, కొత్త యూబోల్టులు, పొడవు సరిపోయే షాక్ అబ్జార్బర్లు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో పట్టీలు సర్దుకుని కట్ట మందం కొద్దిగా తగ్గుతుంది, యూబోల్టులు వదులవుతాయి. మళ్లీ బిగించి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు దాకా నాలుగు కొలతలూ మళ్లీ తీసి, మొదటి కొలతల పక్కన తేదీతో సహా రాయండి.